నల్లమాడ అక్క చీనీ తోట

కువైట్‌లో మేం ముగ్గురం ఒకరినొకరం ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. నేను ముదిగుబ్బ. ఆడవాళ్ళ బట్టలు కుట్టే ఒక షాపులో పని. కదిరామె ఒక నర్సరీ బడిలో ఆయా. నల్లమాడ అక్క మా ఇద్దరికంటే పెద్దది, కొడుకులూ కోడళ్ళూ అందరూ కలిసుండే ఒక పెద్దింట్లో వంటమనిషి. మా మూడు ఊళ్ళ మధ్య పొద్దంతా బస్సులు తిరుగుతూనే ఉంటాయి. అయినా ఊళ్ళో ఉన్నంత కాలం ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఆ పరాయి దేశంలో ఒక కిరాణా కొట్టు ముందు ఎవరో ఫోన్లో "ఏమప్పా, యాడుండావు? ఎన్నిసార్లు జేసినా ఎత్తవు!" అని అరుస్తుంటే నేను గబుక్కున వెనక్కి తిరిగాను. అరిచింది నల్లమాడ అక్క. మొగుడితో మాట్లాడుతోంది. అట్లా కలిశాం.

శుక్రవారం సెలవు. కదిరామె చర్చి ముగించుకుని వచ్చేది. అక్క ఆ ఇంటివాళ్ళ మధ్యాహ్నం భోజనాలు కానిచ్చి, ఒంటికి అత్తరు వాసన, చేతులకు ఉల్లిపాయ వాసన వేసుకుని వచ్చేది. నా గదిలో చాప పరిచి, సంగటి కెలికి, చెనిక్కాయలు, అదే వేరుశనగలు, వేసి ఊరిబిండి పచ్చడి నూరుకుని తినేవాళ్ళం. తిన్నాక అక్క ఫోను గోడకు ఆనించి తన చీనీ తోట, అంటే బత్తాయి తోట, చూపించేది. వారం వారం మొగుడు పంపే వీడియో అది. ఆకుపచ్చటి చెట్లు, నల్లటి నీళ్ళ పైపులు, ఈ మధ్య పచ్చటి పిందెలు. ఆ మొక్కలు మోకాలెత్తు ఉన్నప్పుడు వదిలి వచ్చింది అక్క. అంతకు ముందు ఆ నేలలో ఏటేటా చెనిక్కాయ వేసి, వాన కోసం చూసి చూసి, తీగ పీకి జీవాలకు మేతగా వేసిన మనిషి.

"కాపు పట్టింది సూడు మ్మే. తొలి కోతకు నేనాడ ఉండల్ల. ఈసారి అగ్రిమెంటు అయిపోతానే మళ్ళ సంతకం పెట్టను" అనేది. ఆ ఇంటి పెద్దామె తిట్టిన రోజు కూడా అదే మాట అనేది.

నాకు సెలవు దొరికిందని తెలిసినప్పుడు అక్క తన ఇంటికి పంపే సామాను ఏమీ ఇవ్వలేదు. ఒకటే అడిగింది.

"నా చెట్ల కింద నిలబడి ఒక ఫోటో తీసుకోని రా. మా ఆయప్ప తీసే వీడియోలో అన్నీ ఒకే తట్టు నుంచి కనపడతాయి. బాయి తట్టు వరస నేను నా చేత్తో నాటింది. అది ఎట్లుండాదో సూసి రా. ఒక్క కాయ తేవల్ల. మర్చిపోతే సంపుతా."

ముదిగుబ్బలో మా చెల్లెలి ఇంట్లో దిగాను. చుట్టాలు, పలకరింపులు అయ్యాక అక్క మొగుడికి ఫోన్ చేశాను. మంచి మనిషని విన్నాను. కానీ నేను వస్తానన్న మాట వినగానే గొంతు మారింది.

"ఎండ శానా ఉండాదమ్మా. నువ్వేంటికి రావడం? నేనే ముదిగుబ్బకొచ్చి మా ఆయమ్మకు పంపే సంచి ఇచ్చిపోతా."

"సంచి కోసరం కాదన్నా. తోట చూడల్లని అక్క చెప్పింది."

"సూద్దాంలే" అని పెట్టేశాడు.

నేను చెప్పకుండానే బస్సెక్కాను. కదిరిలో మారి నల్లమాడ బస్సులో కూర్చున్నాక, దిగబోయే ముందు ఫోన్ చేశాను. బస్టాండులో నేను దిగేటప్పటికే మనిషి అక్కడ నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, భుజం మీద తువ్వాలు. బండికి ఒక సంచి వేలాడుతోంది. నన్ను నేరుగా హోటల్లోకి తీసుకెళ్ళి టీ చెప్పాడు. సంచి నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

"కారప్పొడి, చింతపండు, సజ్జ రొట్టెలుండాయి. కింద చీనీకాయలుండాయి, మెత్తంగా పెట్టుకోమ్మా. మళ్ళ బస్సు ఇప్పుడే ఉండాది."

"తోట చూసి పోతానన్నా."

"దోవ బాగలేదమ్మా."

"అక్క నడిచిన దోవే కదా."

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. టీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టాడు. ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన ఒకటే. ఇంట్లో ఇంకొకతె ఉంది. ఇంతమంది ఆడవాళ్ళు గల్ఫుకు వెళ్ళే మా వైపు అటువంటి కథలు కొత్త కాదు. లోపల మంట మొదలైంది. లేచి వెళ్ళి బండి దగ్గర నిలబడ్డాను. నేను కదలనని తెలిసి చివరకు తాళం తిప్పాడు.

ఊళ్ళో ముందు ఇంటి దగ్గర ఆపమన్నాను. తాళం తీసి తలుపు బార్లా తెరిచాడు, చూసుకో అన్నట్టు. ఒక కంచం, ఒక చెంబు కడిగి బోర్లించి ఉన్నాయి. దండెం మీద మగవాడి బట్టలే. అక్క పెళ్ళినాటి ఫోటో మీద దుమ్ము లేదు. ఆడమనిషి ఉన్న జాడ ఎక్కడా లేదు. సిగ్గేసింది. సిగ్గుతో పాటు భయం పెరిగింది. ఆడది కాకపోతే ఇంకేమిటి?

ఊరు దాటి, గుట్ట పక్కగా ఎర్రమట్టి బాటలో తీసుకెళ్ళాడు. పొలం అంచున పాతిన రాతి కూసాల దగ్గర బండి ఆపి, తను దిగకుండా "పో సూడు" అన్నాడు.

తోట లేదు. వరసల్లో మొద్దులున్నాయి. అడుగు ఎత్తున నరికిన మొద్దులు, ఎండకు పగిలి, బూడిద రంగులో. నీళ్ళ పైపులు ఒక మూల చుట్టలు చుట్టి పడేసి ఉన్నాయి. బోరు గొట్టం మీద బండరాయి పెట్టి ఉంది. నరికిన చీనీ కొమ్మల్ని ముళ్ళతో సహా కంచెగా పేర్చి దాని లోపల గొర్రెల దొడ్డి కట్టాడు. నాకు చెప్పిన బావి తట్టు వరసకు వెళ్ళాను. అక్కడ మొద్దులు కూడా లేవు, గుంతలే.

పక్క పొలంలో, ఇనుప కంచెకు అవతల, పచ్చగా చీనీ తోట. నేను శుక్రవారం శుక్రవారం చూసిన తోట అది.

నా వెనకే వచ్చి నిలబడ్డాడు.

"ఎప్పుడు పోయినాయన్నా?"

"పోయిన ఎండాకాలం కాదు, దాని ముందటి ఎండాకాలం. బోరు ఒట్టిపోయింది. ట్యాంకర్లు తోలించి పాదులకు పోసినా. ఒక వరస బతికిచ్చుకుంటామని సూస్తే ఇంగొక వరస పైనుంచి ఎండుకుంటా వచ్చె. మళ్ళ బోరు ఏయించినా. దుమ్ము లేసింది. కడాకు నరికేసినా."

"అక్కకు చెప్పలేదా?"

"యాడ చెప్తాను? మా ఆయమ్మ ఆడ ఆ చెట్ల పేరు చెప్పుకోని కాలం ఎళ్ళదీస్తాండాది. పొద్దున లేస్తానే చెట్టు ఎట్లుండాదని అడుగుతాది. నేనెట్లుండానని తర్వాతే." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఒకసారి పక్కాయన తోటలో నిలబడి మాట్లాడినా. మన తోటే అనుకునె. కాదని చెప్పేకి నోరు రాలా. మళ్ళ వారం అడిగె. మళ్ళ ఆడికే పోయినా."

అప్పుడే అతని ఫోన్ మోగింది. తెర చూశాడు. అక్క వీడియో కాల్. నా కళ్ళెదుటే ఆ పొడుగాటి మనిషి చెప్పులు ఊడిపోతుంటే వదిలేసి, మొద్దుల మధ్య పరిగెత్తాడు. కంచె దగ్గరికి చేరి, ఊపిరి పీల్చుకుని, వెనక పచ్చటి కొమ్మలు కనపడేలా తిరిగి ఫోను ఎత్తాడు. మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి.

"ఆఁ... తోటలోనే ఉండా... లేదు, ఇంగా రాలేదు... వస్తాదిలే."

నేను గుంతల మధ్య నిలబడి ఉన్నాను. అతను ఫోన్ పెట్టేసిన వెంటనే నా చేతిసంచిలో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. అక్కే. అదీ వీడియో కాలే, ఎత్తితే నా వెనక ఏముందో కనపడుతుంది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. అతను కంచె దగ్గర నుంచి నన్నే చూస్తున్నాడు, చేతులు జోడించలేదు గానీ చూపు అట్లాగే ఉంది. నేను ఎత్తలేదు.

తిరిగి బస్టాండుకు వచ్చాక చీనీకాయలు తీసి అతనికే ఇచ్చేశాను.

"ఇవి నేను మొయ్యను. నేను పొయ్యేలోపల నువ్వే చెప్పల్ల. నేనుగా చెప్పను. కానీ నన్ను అడిగితే అబద్ధం మాత్రం ఆడను."

"చెప్తామ్మా. రవ్వంత ఆగు. గొర్రెలు ఈననీ. చెట్లు పోయినా జీవాలు ఉండాయని చెప్పేకి నాకొక మాటన్నా ఉండల్ల కదా."

ఆ మాటతో అతని మీద కోపం సగం పోయింది. మిగిలిన సగంతో విమానం ఎక్కాను.

తిరిగి వచ్చాక మొదటి శుక్రవారం ఎప్పటికంటే ముందే వచ్చింది అక్క. కదిరామె కూడా. చాప మీద పెట్టె పెట్టి విప్పాను. కదిరామెకు వాళ్ళమ్మ పంపిన నిమ్మకాయ ఊరగాయ, అక్కకు కారప్పొడి, రొట్టెలు. అక్క ఒక్కొక్కటీ తీసి వాసన చూసి పక్కన పెట్టింది. పెట్టె అడుగు దాకా చెయ్యి పోనిచ్చింది.

"కాయ ఏది?"

"తేలేదక్కా."

"ఒక్క కాయ కూడానా?"

"తేలేదు."

"ఫోటో?"

నేను సంగటి గిన్నె తీసుకురావడానికి లేచాను. అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఆ దినం నా ఫోను ఏంటికి ఎత్తలా? మా ఆయప్ప నువ్వొచ్చి పోయినావని మర్నాడు చెప్పినాడు. ఆ మర్నాడే నేను చేస్తే నువ్వు ఇంటి పనిలో ఉండానంటివి. తోట చూసినావా, లేదా?"

"అక్కా, ఆ సంగతి అన్ననే అడుగు."

అనుకోకుండా అన్న మాట కాదు. దారి పొడవునా అదే మాట సిద్ధం చేసుకుని వచ్చాను. అబద్ధం కాదు, నిజమూ కాదు, మధ్యలో నిలబడే మాట అనుకున్నాను. కానీ నోటి నుంచి బయటకు వచ్చాక అది వేరేగా వినపడింది. కదిరామె ఊరగాయ మూత తీస్తూ ఆగిపోయింది. అక్క నా చెయ్యి వదిలేసింది.

"ఏమి అడగల్ల ఆయప్పను?"

నేను లేచి గిన్నె తెచ్చి ముద్దలు వేశాను. సంగటి చల్లారిపోయింది. ఎవరం సరిగ్గా తినలేదు. అక్క తొందరగా వెళ్ళిపోయింది. మెట్ల దాకా పోయిన కదిరామె వెనక్కి వచ్చి, తలుపు దగ్గరగా వేసి అడిగింది.

"ఎవరామె?"

"ఎవరూ లేరు."

"నాకు చెప్పేకేమి? ఆడదుంటేనే కదా ఇంత మూగనోము. మా వీధిలో ఒకామె మొగుడు ఇట్లే చేసినాడు. ఆమె ఈడ వంట చేస్తాంటే వాడాడ సంసారం చేసినాడు."

"లేదంటే లేదు. ఆ మాట అక్క దగ్గర అనొద్దు."

"అయితే ఏముండాదో చెప్పు."

చెప్పలేదు. ముందు అతనే చెప్పాలి, లేదా అక్కకే మొదట తెలియాలి. మూడో మనిషికి చెప్పే హక్కు నాకు లేదనుకున్నాను. కదిరామె ముఖం ముడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ వారమంతా షాపులో మిషను తొక్కుతున్నా మనసు అక్కడ లేదు. అతనికి ఫోన్ చేస్తే "ఇయాల చెప్తా" అనేవాడు. రెండోసారి చేస్తే "గొర్రె ఒకటి ఈనింది, ఇంగొక నాలుగైదు ఈననీ" అన్నాడు. మూడోసారి ఎత్తలేదు. అక్క నా ఫోన్ ఎత్తడం మానేసింది. మరుసటి శుక్రవారం చాప పరుచుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. ఇద్దరూ రాలేదు.

ఆ తర్వాత పనిరోజుల్లో ఒక మధ్యాహ్నం కదిరామె ఫోన్ చేసింది.

"మ్మే ముదిగుబ్బా, ఒక పని అయిపోయింది. అక్క వాళ్ళ తమ్మునికి చెప్పింది, మొగుడు ఎవతెనో పెట్టుకున్నాడని. వాడు కదిరి నుంచి ఇద్దరిని ఎంట పెట్టుకోని బండ్ల మీద పోతాండాడంట. కొట్టి అడుగుతామని పోతాండారు."

"అక్కకు ఆ మాట ఎవరు చెప్పినారు?"

ఆమె ఫోన్ పెట్టేసింది. ఎవరు చెప్పారో నాకు అర్థమైంది.

అక్కకు వరసగా ఫోన్లు చేశాను. పనివేళ ఫోన్ వంటింట్లో ఉండకూడదని ఆ ఇంటివాళ్ళ నియమం. షాపు యజమానురాలికి కడుపునొప్పని చెప్పి బయటపడ్డాను. టాక్సీ ఎక్కాను. అక్క మొగుడికి చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. గొర్రెల వెనక గుట్ట మీదకు పోయి ఉంటాడు, ఫోన్ ఇంట్లో పెట్టి ఉంటాడు, లేకపోతే... ఆ లేకపోతే దగ్గర ఆలోచన ఆపేసేదాన్ని.

ఆ పెద్దింటి వెనక గేటు దగ్గర డ్రైవరు కాపలా వాడిలాగా కూర్చుని ఉంటాడు. కేరళ మనిషి. నా ముఖం చూసి ఏమీ అడగకుండా లోపలికి పోయి అక్కను పిలిచాడు. చెత్తడబ్బాల పక్కన, వేడిగాలి ముఖాన కొడుతుంటే నిలబడ్డాను. అక్క తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"ఇప్పుడు గుర్తొచ్చినానా నీకు?"

"అక్కా, ముందు నీ తమ్మునికి ఫోన్ చెయ్యి. అన్నను ముట్టొద్దని చెప్పు."

"ఏంటికి ముట్టకూడదు? నువ్వు దాన్ని సూసినావు. నీ ముఖంలోనే రాసి ఉండాది. సూసి, ఆ ఇంట్లో టీ తాగి, నాకు రొట్టెలు మోసుకొచ్చినావు."

"ఆడది లేదక్కా. ఆడది కాదు. చెట్లు."

"చెట్లేమి?"

"చెట్లు లేవు. బోరు ఒట్టిపోయింది. అన్నీ ఎండిపోయినాయి. నరికేసినాడు. నువ్వు చూస్తాండేది పక్కాయన తోట."

లోపల నుంచి ఎవరో అక్కను పేరు పెట్టి పిలిచారు, అరబ్బీలో ఏదో అడిగారు. అక్క కదలలేదు. నేను చెప్పింది నమ్మిందో లేదో తెలియదు. ముఖంలో ముందు ఒక తేలిక కనపడింది, ఆడది లేదన్న తేలిక. అది ఎంతోసేపు నిలవలేదు. గోడకు వెన్ను ఆనించింది.

"బాయి తట్టు వరస?"

"అదీ లేదు."

"ఆడదైనా బాగుండు గదే" అంది. "జుట్టు పట్టుకోని బయటికి ఈడ్చేస్తుంటి. చెట్లనేం చేయల్ల నేను?"

ఏడవలేదు. నేనే ఏడ్చాను. నా ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. తమ్ముడి నంబరు ఆమెకు నోటికి వచ్చు. వాడు మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తాడు. అవతల గాలి హోరు, గొర్రెల అరుపులు వినపడుతున్నాయి.

"యాడుండావురా?"

"తోట కాడే ఉండామక్కా." వాడి గొంతు వింతగా ఉంది. "ఈడ తోట లేదే."

"నాకు తెలుసు. ఆయప్ప యాడ?"

"ఈడే ఉండాడు. అక్కా... నేనొక దెబ్బ ఏసినా. సెంప మీద. దాన్ని యాడ దాచినావురా అని ఏసినా. ఆయప్ప మాట్లాడలా. మళ్ళ సూసుకుంటే ఈడ మొద్దులుండాయి..."

అక్క కళ్ళు మూసుకుంది. "వాళ్ళిద్దరినీ ఎంటనే పంపించు. నువ్వు ఆయప్ప కాళ్ళు పట్టుకో. పట్టుకున్నాక ఫోన్ చెయ్యి" అని నా చేతికి ఫోన్ ఇచ్చేసింది. లోపలికి పోతూ గుమ్మంలో ఆగింది. "నువ్వు ఆ దినమే ఫోన్ ఎత్తింటే నా మొగుడు నా తమ్మునితో దెబ్బ తినకుండా పోతాండె" అంది. తలుపు వేసుకుంది.

ఆ సాయంత్రం అక్క మొగుడికి వీడియో కాల్ చేసి పొలమంతా నడిపించిందట. ఈ సంగతి చాలా రోజుల తర్వాత ఆమే చెప్పింది. "ఒక్కొక్క మొద్దు కాడ నిలబడమన్నా. ప్రతి మొద్దూ సూపించినాడు. తిట్టల్లని ఫోన్ చేసినా. సెంప వాసి ఉండాది. అది సూసి తిట్టలేకపోయినా."

ఆ తర్వాత కొన్ని శుక్రవారాలు నేనూ కదిరామే కూర్చున్నాం. తప్పు తనదని ఆమె అనలేదు, నేను అడగలేదు. కానీ నా గదికి వచ్చినప్పుడల్లా గిన్నెలన్నీ తనే తోమి పెట్టి పోయేది. మా మధ్య మాటలు తగ్గాయి. ఒకరినొకరు చూసుకుంటే మధ్యలో అక్క కూర్చున్నట్టే ఉండేది. ఎందుకు కలుస్తున్నామో తెలియకుండానే కలిసేవాళ్ళం. మానేస్తే ఇక ఎప్పటికీ మానేసినట్టే అవుతుందని భయం కాబోలు.

ఒకరోజు తలుపు కొట్టి అక్క లోపలికి వచ్చింది. చెప్పులు విడిచి, చాప మీద ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది.

"పోతాండా" అంది. "ఇంటామెకు చెప్పినా. అగ్రిమెంటు దాకా ఉండల్లని అరిచింది. వేరే మనిషిని సూసుకునే దాకా ఉంటాను, మళ్ళ ఉండనని చెప్పినా."

"తోట లేకపోయె కదక్కా. ఇంగ కొన్నాళ్ళు ఉంటే..." అని కదిరామె మొదలుపెట్టింది.

"చెట్లు పెరిగేదాకా ఉంటానని వచ్చినా. ఇంగ పెరిగేది ఏమి లేదు. దేనికోసరం ఉండల్ల? ఆయప్ప ఒక్కడే గొర్రెలెంట తిరుగుతాండాడు. నేను ఈడ నా చెట్లు నా చెట్లు అని ఎగురుతాంటే ఆడ ఆయప్ప ఫోన్ చేతిలో పట్టుకోని పక్కోని కంచె కాడికి పరిగెత్తుతాండాడు. అట్ల ఎన్నిసార్లు పరిగెత్తినాడో." ఆగింది. "మీరిద్దరూ నాకు చేసింది నేను మర్చిపోను. ఒకతె నోరు తెరవాల్సిన కాడ మూసుకునె. ఒకతె మూసుకోవాల్సిన కాడ తెరిసె."

అంత సూటిగా అన్నాక కదిరామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నా తరఫు మాట చెప్పాలనుకున్నాను. అతనికి ఇచ్చిన మాట, అతని గొర్రెలు, కాయలు తిరిగి ఇచ్చేయడం. చెబితే అక్క వింటుందేమో. కానీ వినీ ఏమంటుంది?

"ఏమన్నా చేసినారా తినేకి, లేకుంటే నేనే చేయల్లా?" అంది అక్క.

ఆ రోజు వంట ఆమే చేసింది. గిన్నె ఖాళీ అయింది.

అక్క వెళ్ళిపోయిన రోజు విమానాశ్రయానికి ఇద్దరం పోయాం. లోపలికి పోయేముందు కదిరామెను దగ్గరకు తీసుకుంది. నన్ను తీసుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "మిషను ముందు అట్ల వంగి కూర్చోవద్దు, నడుము పోతాది" అని చెప్పి లైనులో కలిసిపోయింది. కదిరామె "నీ మీదే ఎక్కువ కోపముండాది" అంది. అవునో కాదో నాకు తెలియదు. తర్వాత ఫోన్లు చేసుకునేవాళ్ళం. ఆమె గొర్రెల గురించి చెప్పేది, నేను షాపు గురించి చెప్పేదాన్ని. రెండు వైపులా మాటలు ఏరుకుని మాట్లాడుతున్నట్టుండేది.

మళ్ళీ సెలవుకు వచ్చినప్పుడు నల్లమాడకు పోవాలా వద్దా అని ముదిగుబ్బలో కొన్ని రోజులు తిరుగులాడాను. రమ్మని అక్క అనలేదు. చివరికి పోయాను. ఊళ్ళో ఇల్లు తాళం వేసి ఉంది. పొలం దగ్గర ఉంటారని పక్కింటామె చెప్పింది. నడుచుకుంటూ పోయాను. గుట్ట మలుపు తిరగ్గానే బాటకు అడ్డంగా మంద, మంద వెనక కర్రతో అక్క. బాగా నల్లబడింది. కువైట్‌లో వంటింటి చల్లదనంలో పాలిపోయి ఉండే ముఖం మళ్ళీ ఎండముఖం అయింది. నన్ను చూసి కర్ర దించింది.

"ఫోన్ చేసి రాకూడదా?"

"చేస్తే వద్దంటావేమోనని."

"అనింటా" అంది. నవ్వకుండానే అంది. "పద, ఎండలో నిలబడొద్దు."

పొలంలో రేకుల షెడ్డు వేసుకున్నారు. మొద్దులు చాలావరకు తవ్వేశారు. ఒక పక్కన కంది వేసి ఉంది, సన్నగా, నీరసంగా. అక్క గొర్రెలకు నీళ్ళు పోస్తూ తమ్ముడి మాట తనే ఎత్తింది. ఆ రోజు నుంచి అక్క మొగుడు బావమరిదితో మాట్లాడలేదట. వాడు కాళ్ళు పట్టుకున్నాడు, ఇంటికి వచ్చి తలొంచుకుని కూర్చున్నాడు, ఆయన అన్నం పెట్టమన్నాడు గానీ మాట్లాడలేదు.

"అది నేను సర్దాల్సింది. నువ్వు మధ్యలో పోవద్దు" అంది. నేను ఆ మాట ఎత్తనే లేదు.

"నా మీద కోపం ఉండాదా అక్కా?"

"ఉండాది" అంది వెంటనే. "పోతాదని అనుకుంటి. పోలేదు. అయినా వచ్చినావు కదా, తిని పో."

సంగటి వేడిగా ఉంది. చెనిక్కాయల పొడి, ఉల్లిపాయ. రెండో ముద్ద పెట్టుకుంటుండగా రేకుల పక్కన చెప్పుల చప్పుడైంది. ఆయన. లోపలికి వంగి చూసి నన్ను గుర్తుపట్టి అలాగే నిలబడిపోయాడు. కంచం ముందు నుంచి లేవాలో కూర్చోవాలో నాకూ తెలియలేదు. అక్క మా ఇద్దరినీ చూసింది. ఏమీ కల్పించుకోలేదు.

"ఏమ్మా, ఎప్పుడొచ్చినావు?" అన్నాడు చివరికి.

"ఇప్పుడేనన్నా."

"కంచం పెట్టు" అన్నాడు అక్కతో. నాకు ఎదురుగా కూర్చున్నాడు. అక్క ముద్ద వేసింది. ముగ్గురం తిన్నాం. బయట ఒక గొర్రెపిల్ల తల్లికి దూరమై అరుస్తుంటే ఆయన తింటూ తింటూనే లేచి బయటికి పోయాడు.

"ఆయప్ప ఎప్పుడూ ఇంతే, సగంలో లేస్తాడు" అని అక్క కంచం మీద మూత పెట్టింది.

బస్సు వేళయిందని నేను లేచాను. అక్క బాట దాకా వచ్చింది. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు. బస్టాండు దాకా బండి మీద దింపమని ఆయనకు గట్టిగా కేకేసింది.

ఆయన బండి ఆనాటి హోటలు ముందే ఆపి, "టీ తాగుతావామ్మా?" అన్నాడు. తాగాను. ఈసారి ఆయన గ్లాసు కూడా ఖాళీ అయింది.